అడవి పుంజుతో కలిసిన పెట్టల పిల్లలను పెంచవచ్చా?

ప్రశ్న: మా పొలం అడవిని ఆనుకుని ఉంది. ఎర్రటి అడవి పుంజు ఒకటి వచ్చి మా పెట్టలతో కలుస్తోంది. ఇంటి కోళ్లకు మూలం అడవి కోడేనంటారు, నిజమేనా? ఆ రక్తం కలిస్తే పిల్లలకు రోగాలు రావంటున్నారు. వాటిని పెంచవచ్చా?

జవాబు: మూలం మాట నిజమే. ఎర్ర అడవి కోడే ఇంటి కోడికి పూర్వీకురాలని డార్విన్ 1868లోనే రాశాడు. 2020లో 800కు పైగా కోళ్ల జన్యువులను పోల్చి చూస్తే, నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ అడవుల్లో తిరిగే ఎర్ర కోడే అన్నిటికన్నా దగ్గరి చుట్టమని తేలింది. వరి, చిరుధాన్యాల గింజల కోసం పొలాలకు వచ్చి అవి మనిషికి మచ్చికయ్యాయని శాస్త్రవేత్తల అంచనా. మీ పొలానికి ఆ పుంజు వస్తున్నదీ గింజల కోసమే అయ్యుంటుంది.

ఒకసారి మీ పెట్టల కాళ్లు చూడండి. ఎర్ర అడవి కోడి కాళ్లు పలక రంగులో ఉంటాయి. మీ పెట్టల కాళ్లు పసుపు పచ్చగా ఉంటే, ఆ రంగు బూడిద రంగు అడవి కోడి నుంచి వచ్చిందన్నమాట. ఈ సంగతి 2008లో బయటపడింది.

ఇంటి కోడీ, ఎర్ర అడవి కోడీ ఒకే జాతి కాబట్టి పిల్లలు బాగానే పుడతాయి. రోగాలు రావన్న మాట మాత్రం నమ్మకండి. కొక్కెర తెగులు అడవి కోడికీ సోకుతుంది. ఈ పిల్లలకూ టీకాలు తప్పవు. పైగా అడవి పెట్ట విడతకు ఐదారు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పుంజు కిలో అటూఇటూ తూగుతుంది. ఆ రక్తం కలిస్తే గుడ్లూ తగ్గుతాయి, బరువూ తగ్గుతుంది. బెదురు ఎక్కువ: మేత వేయబోయినా గంపకు తల కొట్టుకుంటాయి, సందు దొరికితే చెట్టెక్కేస్తాయి. పుట్టినవాటిని పెంచుకోండి గానీ, విత్తనానికి ఉంచకండి.

నాకు అంతకన్నా బెంగ అడవి కోడి గురించే. స్వచ్ఛమైన అడవి పెట్టకు తురాయి దాదాపు కనిపించదు. జత కాలం ముగిశాక పుంజు మెడ మీది బంగారు రంగు ఈకలు రాలి, కొన్ని నెలలు నల్లటి ఈకలు వస్తాయి. మన పుంజులు అడవి పెట్టలతో కలిసేకొద్దీ ఈ లక్షణాలు చెరిగిపోతున్నాయి. ఒకసారి పోతే ఆ మూలాన్ని మళ్లీ తెచ్చుకోలేం. అందుకే మీ పుంజులను అడవి వైపు వదలకండి, ఆ అంచున గింజలు చల్లకండి. అడవి కోడి వచ్చేది ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం. ఆ వేళల్లో పెట్టలను గూట్లోనే ఉంచండి.

పెట్టను వేరు చేసినా ఆ పుంజు వీర్యం లోపల రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. అప్పటిదాకా పెట్టిన గుడ్లను తినడానికే వాడండి, పొదిగించకండి.