ఆవడలు ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: చెన్నై షావుకారుపేటలో పక్కింటి జైన కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. ఉల్లి, దుంపలే కాదు, ఆవడలూ ముట్టమన్నారు. ఎందుకు? ఏం వండాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మట్టి, నీరు, నిప్పు, గాలి, చెట్టుచేమలకు కూడా స్పర్శ అనే ఒక్క ఇంద్రియంతో జీవం ఉందన్నది జైనుల నమ్మకం. వండుకు తినే గృహస్థుకు హింస పూర్తిగా తప్పదు, కాబట్టి వీలైనంత తగ్గించుకుంటారు. దుంప ‘అనంతకాయం’, అంటే ఒకే శరీరంలో లెక్కలేనన్ని జీవులు. పచ్చి అల్లమూ అంతే. శొంఠి వేయండి.

ఆవడల చిక్కు వేరు. కాచని పెరుగు పప్పుధాన్యంతో కలిస్తే సూక్ష్మజీవులు పుడతాయంటారు, అదే ‘ద్విదళ’ దోషం. పెరుగన్నం పోపులో నాలుగు మినపబద్దలు పడినా నిష్ఠగలవారు తినరు. ఆవాలు, జీలకర్రతో ఆపేయండి.

మజ్జిగ పులుసు చక్కగా పెట్టొచ్చు. మనం చల్లటి మజ్జిగలోనే శనగపిండి కలిపి పొయ్యెక్కిస్తాం, పొరపాటు అక్కడే. ముందు మజ్జిగను సన్నసెగ మీద, విరగకుండా కలుపుతూ పొగలొచ్చేదాకా కాచండి. పిండిని విడిగా నీళ్లలో జారుగా కలిపి, అప్పుడు పోయండి. ముక్కలకు సొరకాయ, బెండకాయ బాగుంటాయి. వంకాయ వద్దు.

రాత్రి పులిసిన ఇడ్లీపిండి, తేనె కూడా పక్కన పెట్టండి. నీళ్లు వడగట్టి, కాచి చల్లార్చినవి ఇవ్వండి. చాలామంది సూర్యాస్తమయం తర్వాత తినరు, అందుకని మధ్యాహ్నానికే పిలవండి. నియమాలు ఇంటింటికీ మారతాయి. ముందే అడిగితే వాళ్లేమీ అనుకోరు, సంతోషిస్తారు.