కత్తిరి ఎండల్లో ఉప్పునీటి గాలం

చిన్నా,

వచ్చే ఆదివారం మీరు నలుగురూ వాకాడు వైపు, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారానికి గాలాలు తీసుకుని పోతున్నారని మీ అమ్మ చెప్పింది. పోండి, కానీ సెలవు చూసుకుని కాదు, తిథి చూసుకుని పోండి. కల్యాణి డ్యాం దగ్గర ఎప్పుడు కూర్చున్నా ఒకటే నీళ్లు. ముఖద్వారం దగ్గర అట్లా కాదు, సుమారు ఆరు గంటలకోసారి నీళ్లు దిశ మార్చుకుంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజులు పోటు, అంటే సముద్రం నీళ్లు లోపలికి ఎక్కడం, జోరుగా ఉంటుంది, అష్టమికి మందగిస్తుంది. పోటు టైము కూడా రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అందుకే నిన్న ఐదింటికి బాగా పడ్డాయని ఎవరైనా చెబితే నువ్వు ఈరోజు ఆరు దగ్గరికి లెక్క వేసుకోవాల.

కత్తిరిలో పులికాట్ నీళ్లు తగ్గిపోయి, వేడెక్కి, సముద్రం కంటే ఉప్పగా తయారవుతాయి. వేడి నీళ్లలో చేపకు ఊపిరాడదు, లోతు గుంటల్లో కదలకుండా పడి ఉంటుంది, నువ్వు మిట్టమధ్యాహ్నం ఎంత మంచి ఎర వేసినా తినదు. తెల్లారుజామున పిక్కల లోతులో నిలబడి చూడు, అప్పటిదాకా గంజిలా వెచ్చగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి చీలమండల దగ్గర చల్లగా తగులుతాయి. పోటు మొదలైందన్నమాట. గాలం వేయాల్సింది అప్పుడే. తొమ్మిదికల్లా సర్దేసుకోండి.

ఎర విషయం. చెరువుకు తీసుకుపోయే వానపాములు, మైదా ముద్దలు ఇంట్లోనే పెట్టేయండి. వానపాము ఉప్పునీళ్లలో తొందరగా చచ్చిపోతుంది, మైదా కరిగిపోతుంది. అక్కడి రొయ్యే అక్కడి చేపకు ఎర. బతికున్న రొయ్యను తలమీద ముల్లు కింద గుచ్చాలి, లోపల నల్లగా కనిపించే చుక్కకు మాత్రం కొక్కెం తగలకూడదు, తగిలితే క్షణంలో చచ్చి తెల్లబడిపోతుంది. సరిగ్గా గుచ్చితే చాలాసేపు కాళ్లాడిస్తూ ఉంటుంది, ఆ కదలికకే పండుగప్ప వస్తుంది. రొయ్యలు దొరకకపోతే చిన్న కత్తిపరిగె పిల్ల కూడా మంచిదే. సీసం గుండు బరువు ఎక్కువ పెట్టొద్దు, ఎర ఈదుకుంటూ పోవాలి.

పండుగప్ప మొదట మగదిగా ఉండి, బాగా పెరిగాక ఆడదవుతుంది. అంటే బాగా పెద్దది పడితే అది గుడ్లు పెట్టే తల్లి. ఫోటో తీసుకుని వదిలేయ్ నాయనా, నా మాట విను.

జెల్లను మాత్రం ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. ఒకసారి నా బొటనవేలికి ముల్లు దిగి రాత్రంతా కునుకు లేదు. దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా చెయ్యి ముంచి ఉంచి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోవాల.

పాటు తీసేటప్పుడు, అంటే నీళ్లు సముద్రంలోకి లాగేటప్పుడు, మోకాళ్లు దాటి దిగొద్దు. ఈత వచ్చని ధైర్యం చేయొద్దు, ఆ లాగుడు ముందు ఈత పనికిరాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో ఎవరైనా బోటెక్కించుకుంటామన్నా ఎక్కొద్దు. పట్టపుపాలెం జాలర్ల వలలున్న చోట గాలం విసరొద్దు, ముందు వాళ్లనడిగి చోటు చూసుకోండి. రొయ్యలు ఎక్కడ దొరుకుతాయో కూడా వాళ్లే చెప్తారు.

ఐసు నాయుడుపేటలోనే కొనుక్కోండి. పోటు ఎన్నింటికి తిరిగిందో కాగితం మీద రాసుకుని రా, నేను చూడాల.

మీ పెదనాయన