అక్క శిక్షకురాలైతే తమ్ముడు అలగాలా?

ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు ఒక వ్యాయామ విద్య అధ్యాపకుడు సమాధానాలిస్తున్నారు. వేసవి శిక్షణ శిబిరాల కాలం కనుక ఈసారి వాటికి సంబంధించిన ఉత్తరాలనే తీసుకున్నాము.

ప్రశ్న: నేను గుంటూరులో బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. పాఠశాల రోజుల నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. సెలవులకు మా ఊరు వచ్చినప్పుడు, ఇక్కడి వేసవి శిబిరంలో చిన్నపిల్లల బృందానికి సహాయంగా ఉండమని శిక్షకులు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను. పదేళ్ల మా తమ్ముడు కూడా అదే బృందంలో ఉన్నాడు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కనుక, మైదానం నుంచి వచ్చాక సాయంత్రం వరకూ వాడిని చూసుకోవలసింది నేనే. ఆటలో తప్పు చెబితే వాడు అలిగి గట్టు మీద కూర్చుంటున్నాడు. మెచ్చుకుంటే, తమ్ముడు కనుకే అవకాశాలిస్తోందని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. ఇంటికి వచ్చాక కూడా వాడి కోపం తగ్గదు. ఫోను పట్టుకుని మూలన కూర్చుంటాడు. ఇదివరకు సెలవులకు వస్తే నా వెంటే తిరిగేవాడు. ఆ బృందానికి ఏం నేర్పాలో, తమ్ముడితో ఎలా ఉండాలో చెప్పగలరు.

జవాబు: మీరు రెండు ప్రశ్నలు వేశారు గాని, వాటిలో మీ తమ్ముడి సంగతే ముందు చూడవలసినది. పదేళ్ల పిల్లవాడికి మైదానంలో శిక్షకులు ఎవరైనా దొరుకుతారు, అక్క మాత్రం మీరొక్కరే. కాబట్టి రేపు ఉదయమే ప్రధాన శిక్షకులతో మాట్లాడి, మీ తమ్ముడి తప్పొప్పులు చెప్పే పని ఆయననే చూసుకోమని కోరండి. ఏ మంచి శిక్షకుడూ దీనికి కాదనడు. పిల్లలను మూడు నాలుగు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో మూల ఒక్కో అభ్యాసం పెట్టి, పావుగంటకోసారి మార్చే పద్ధతి మీ శిబిరంలో ఉంటే పని మరింత సులువవుతుంది. మీ తమ్ముడు మీ దగ్గరికి వచ్చే పావుగంటలో తేలికైన అభ్యాసం ఉండేటట్టు, బంతి వేయడం వంటి తరచూ తప్పులు దొర్లే అభ్యాసాన్ని వాడు మరొకరి దగ్గర చేసేటట్టు చూసుకోండి. అందరి ముందు అక్క తప్పు పట్టడం వేరు, సారు తప్పు పట్టడం వేరు. మొదటిది ఆ వయసు పిల్లవాడికి ఇంటి పరువు వీధిలో పోయినట్టుంటుంది. మీరు మృదువుగా చెప్పినా అంతే.

తల్లిదండ్రుల మాటకు నోటితో బదులివ్వకండి, కాగితంతో ఇవ్వండి. ఒక నోటుపుస్తకంలో పిల్లలందరి పేర్లూ రాసుకుని, పోటీ ఆటలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో ప్రతిరోజూ గుర్తు పెట్టండి. జట్లను మీరు ఎంచవద్దు, పిల్లలతోనూ ఎంచించవద్దు. పిల్లలు ఎంచుకుంటే బాగా ఆడలేని పిల్లవాడు ప్రతిరోజూ చివరివాడుగా మిగిలిపోతాడు, ఆ అవమానం వల్ల ఆట మానేసిన పిల్లలను నేను చూశాను. చీటీలు వేయండి. నాయకుణ్ణి కూడా రోజుకొకరి చొప్పున పేర్ల వరుసలో మార్చండి. మీ తమ్ముడి వంతు వచ్చినప్పుడు మొహమాటపడి దాటవేయకండి, వాడికీ ఆ హక్కు ఉంది. నిజాయతీ చూపించుకోవాలన్న పట్టుదలతో సొంతవారికి అన్యాయం చేసే అక్కలు, అన్నలు కొందరుంటారు. ఈ శీర్షికలో రెండో ఉత్తరం అలాంటి ఇంటి నుంచే వచ్చింది.

ఇక బృందానికి ఏం నేర్పాలన్నది. మొట్టమొదట బంతి, రింగు చూడండి. మన మైదానాల్లో చాలాచోట్ల పెద్దలు ఆడే ఏడో నంబరు బంతినే పదేళ్ల పిల్లల చేతిలో పెట్టి, 3.05 మీటర్ల ఎత్తున ఉన్న రింగులో వేయమంటారు. పిల్లవాడు ఆ బరువును అంత ఎత్తుకు పంపలేక, బంతిని నడుము దగ్గర నుంచి రెండు చేతులతో విసురుతాడు. మోచేయి పక్కకు పోతుంది, నడుము మెలిపడుతుంది, ఒకసారి అలవాటైన ఆ విసురు పదిహేనేళ్లు వచ్చినా వదలదు. పన్నెండేళ్లలోపు పిల్లల కోసం ఉన్న మినీ బాస్కెట్‌బాల్‌లో బంతి ఐదో నంబరు, రింగు ఎత్తు 2.60 మీటర్లు. ఏడో నంబరు బంతి సుమారు 600 గ్రాములు ఉంటే, ఐదో నంబరుది అందులో ఐదో వంతు తక్కువ.

ఈ 3.05 మీటర్ల, అంటే పది అడుగుల ఎత్తు ఎలా వచ్చిందో తెలిస్తే మీ శిక్షకులతో మాట్లాడటం తేలికవుతుంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ అధ్యాపకుడు, చలికాలంలో బయట ఆడలేని తన విద్యార్థుల కోసం నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆటను తయారుచేశాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి వ్యాయామశాల బాల్కనీ రెయిలింగుకు మేకులతో కొట్టించాడు. ఆ రెయిలింగు నేల నుంచి పది అడుగులుంది, అంతే. ఎదిగిన యువకుల కోసం, ఒక కట్టడాన్ని బట్టి కుదిరిన కొలత అది. పిల్లలకు అది తగదని గుర్తించి 1950లో అదే దేశంలోని స్క్రాంటన్ పట్టణంలో జే ఆర్చర్ చిన్న బంతితో, తక్కువ ఎత్తు రింగుతో పిల్లల ఆట మొదలుపెట్టాడు. మినీ బాస్కెట్‌బాల్‌కు మూలం అదే.

మీ మైదానంలో రింగు దించే వీలు లేకపోతే గోడను వాడుకోండి. గోడ మీద 2.60 మీటర్ల ఎత్తున సుద్దతో గుండ్రం గీసి, రెండడుగుల దూరం నుంచి ఒంటిచేత్తో బంతి వేయించండి. రెండో చేయి ఆసరాకే. ఐదో నంబరు బంతులు లేకపోతే అదే ప్రమాణంలో ఉన్న రబ్బరు బంతులైనా మేలు. ప్రామాణిక రింగు వైపు వెళ్లినప్పుడు బాగా దగ్గర నుంచి, బోర్డు మీది దీర్ఘచతురస్రానికి తగిలేలా వేయించండి.

పిల్లలను పొడవాటి వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత లేఅప్ (పరుగున వచ్చి రింగు దగ్గర ఎగిరి బంతి వేయడం) వేయించడం మన శిబిరాల్లో పాత అలవాటు. ఇరవై మంది వరుసలో ఒక పిల్లవాడి వంతు వచ్చేసరికి చాలా నిమిషాలు గడిచిపోతాయి, ఆ వ్యవధిలో వాడు ముందున్నవాణ్ణి గిల్లుతాడు. వరుసలు తీసేయండి. బంతులు తక్కువుంటే ఇద్దరికి ఒకటి ఇచ్చి డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ సాగడం), చెస్ట్ పాస్ (ఛాతీ దగ్గర నుంచి నేరుగా అందించడం), బౌన్స్ పాస్ (నేలకు ఒకసారి తగిలేలా అందించడం) చేయించండి. బంతి దొరకని గుంపుకు పక్కలకు జరిగే డిఫెన్స్ అడుగులు, పరుగులో రెండు పాదాల మీద ఒకేసారి ఆగే జంప్ స్టాప్, ఒక పాదం నేలకు ఆనించి తిరిగే పివట్ నేర్పండి. మోకాళ్లు వంచి మెత్తగా దిగడం చిన్నప్పుడే వస్తే ఆ పిల్లవాడి మోకాళ్లు చాలాకాలం బాగుంటాయి. నేను దీన్ని లేఅప్ కంటే ముఖ్యమని అనుకుంటాను. అలాగే ఎడమ చేతి డ్రిబుల్‌కు రోజూ కొంత సమయం కేటాయించండి, పిల్లలు ఎంత మొరాయించినా.

చివరి అరగంట ఆట ఆడించండి. ఐదుగురు చొప్పున కాకుండా ముగ్గురు చొప్పున, ఒకే రింగు వైపు. పదిమంది ఉన్న ఆటలో బలమైన ఇద్దరే బంతి పట్టుకుంటారు, మిగిలినవారు అటూ ఇటూ పరుగెడతారు. ముగ్గురున్న జట్టులో దాక్కునే చోటు ఉండదు, బంతి అందరికీ వస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌తో ముగ్గురి ఆటకు ఒలింపిక్ హోదా కూడా వచ్చింది కనుక, ఇది తక్కువరకం ఆట అని పెద్దలెవరూ అనలేరు. ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా పట్టుకుని నడవడం), డబుల్ డ్రిబుల్ (ఆపిన డ్రిబుల్‌ను మళ్లీ మొదలుపెట్టడం) వంటి తప్పులకు మొదటి రోజుల్లో ప్రతిసారీ విజిల్ వేసి ఆపకండి. ఒక రోజుకు ఒకటే తప్పు ఎంచుకుని, ఈరోజు దీన్నే చూస్తానని ముందే చెప్పండి.

ఎండ గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. మంచు పడే ఊళ్లో నీడపట్టున పుట్టిన ఆటను మనం మే నెలలో సిమెంటు కోర్టు మీద ఆడిస్తున్నాము. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపే ముగించండి. సాయంత్రమైతే ఐదు దాటాక కూడా అరచేయి కోర్టు మీద ఆనించి చూడండి. చేయి నిలపలేకపోతే పిల్లలను ఇంకా దింపకూడదు. దాహం వేసినా వేయకపోయినా పావుగంటకోసారి అందరిచేతా నీళ్లు తాగించండి. పల్చటి మజ్జిగలో ఉప్పు వేసి ఒక క్యాను తెప్పించుకుంటే ఇంకా మంచిది. నీరసించిన పిల్లవాడికి ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే, లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించవచ్చు. తలనొప్పి, వాంతి, కండరాల నొప్పి అన్న పిల్లవాణ్ణి వెంటనే నీడకు చేర్చాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. ఆ స్థితిలో నోట్లో నీళ్లు పోయకూడదు.

మైదానం నుంచి ఇల్లు చేరాక మీరు శిక్షకురాలు కారు. దారిలో కూడా ఆ ఉదయం ఆటలో వాడు చేసిన తప్పుల ప్రస్తావన తేవద్దు. వాడే ఎత్తితే వినండి, అడిగితేనే చెప్పండి. పెరుగన్నం తిని ఇద్దరూ ఒక కునుకు తీస్తే మధ్యాహ్నం కోపాలు చాలావరకు తగ్గుతాయి. ఫోను లాక్కోవడం వల్ల ప్రయోజనం లేదు, దాని స్థానంలో ఏదో ఒకటి ఉండాలి. అష్టాచెమ్మా, క్యారమ్స్, పులిజూదం ఇంట్లో కూర్చుని ఆడదగినవే. వీటికంటే నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది: రోజులో కనీసం ఒక గంట, వాడికి వచ్చి మీకు రాని పని వాడి దగ్గర నేర్చుకోండి. గాలిపటం కట్టడమో, బొంగరం తిప్పడమో, క్యారమ్స్‌లో మూల నుంచి కాయ తీయడమో ఏదైనా కావచ్చు. పొద్దున్నే రెండు గంటలు అందరికంటే తక్కువ తెలిసినవాడుగా నిలబడిన పిల్లవాడికి, తనకు ఎక్కువ తెలిసిన చోటు ఒకటి కావాలి. మీ తప్పు వాడు సరిదిద్దుతుంటే అలగకుండా వినండి, వాడు గమనిస్తాడు. ఇంకో సంగతి: వాడికి స్కోరు రాయడం నేర్పండి. అలిగి గట్టు మీద కూర్చున్న రోజున వాడి చేతిలో స్కోరు పుస్తకం పెడితే, బతిమాలవలసిన పని లేకుండానే ఆటలో ఉంటాడు.

ప్రశ్న: నేను ఖమ్మంలో తొమ్మిదో తరగతి పూర్తి చేశాను. మా అన్నయ్య ఇంజనీరింగ్ చదువుతూ సెలవుల్లో మా బాస్కెట్‌బాల్ సారుకు సాయం చేస్తున్నాడు. అందరిలోనూ నన్నే ఎక్కువ తిడతాడు, ఒక్క తప్పుకు అందరికీ ఒక రౌండు పరుగైతే నాకు మూడు. అడిగితే, నిన్ను వదిలేస్తే పక్షపాతం అంటారంటాడు. మానేద్దామనిపిస్తోంది.

జవాబు: తల్లీ, మీ అన్నయ్య చేస్తున్నది కూడా పక్షపాతమే, నీకు వ్యతిరేకంగా చేస్తున్నాడంతే. ఆట ముగిసిన వెంటనే కాకుండా, రాత్రి భోజనాలయ్యాక అమ్మ కూడా ఉన్నప్పుడు, ఒకే తప్పుకు అందరికీ ఒకే శిక్ష ఉండాలని నువ్వు స్పష్టంగా అడుగు. ఏడవకుండా, పాత గొడవలు కలపకుండా ఆ ఒక్క మాటే అడుగు. వినకపోతే మీ సారుకు చెప్పడం చాడీ కాదు, ఆయన శిబిరంలో జరుగుతున్నది ఆయనకు తెలియాలి. నెలసరి రోజుల్లో నొప్పిగా ఉండి పరుగెత్తలేకపోతే అన్నయ్యకు వివరించవలసిన అవసరం లేదు. ఈరోజు తక్కువ చేస్తానని సారుకో, అక్కడి మేడంకో చెప్పు, చాలు. బంతి విషయం కూడా చూసుకో. నీ వయసు అమ్మాయిలు ఆడవలసింది ఆరో నంబరుతో. అబ్బాయిల బంతే ఇస్తున్నారేమో దాని మీది అంకె చదివి అడుగు.

ఈ పత్రిక మీ అన్నయ్యకు చూపించు. ఆయనకు నా మాట ఇది: బాబూ, మీ చెల్లెలిని అందరికంటే ఎక్కువ పరుగెత్తించినందువల్ల మీ నిజాయతీని ఎవరూ మెచ్చుకోవడం లేదు, మిగిలిన పిల్లలు మీకు భయపడటం నేర్చుకుంటున్నారు. ఆమెకు సంబంధించిన శిక్షలను మీ సారుకు వదిలేయండి.

ప్రశ్న: వరంగల్ నుంచి ఒక తండ్రి. మా పెద్దమ్మాయి తన తమ్ముడికి బాస్కెట్‌బాల్ నేర్పుతోంది. వాడు పన్నెండేళ్లవాడు, తోటివారికంటే పొట్టి. ఈ ఆట వల్ల ఎత్తు పెరుగుతాడా?

జవాబు: పెరగడండీ. ఎత్తు చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మిగిలినది తిండి, నిద్ర, ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. పొడవైనవారు ఈ ఆటలో ఎక్కువగా నిలదొక్కుకుంటారు కనుక ఆట వల్లే పొడవయ్యారని మనకు అనిపిస్తుంది. ఎత్తు కోసమే ఆడిస్తున్నామని వాడికి తెలిస్తే గోడ దగ్గర కొలుచుకుంటూ నిరాశపడతాడు, ఆ మాట ఇంట్లో ఎత్తకండి. అమెరికాలోని వృత్తి ఆటగాళ్ల బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో మగ్సీ బోగ్స్ అనే ఆటగాడు 5 అడుగుల 3 అంగుళాల ఎత్తుతో 14 సీజన్లు ఆడాడు; బంతిని నేలకు దగ్గరగా డ్రిబుల్ చేస్తూ పొడవైనవారి చేతికి అందకుండా తీసుకుపోయేవాడు. మీ అమ్మాయిని మీ అబ్బాయికి తక్కువ ఎత్తు డ్రిబుల్, వేగంగా దిశ మార్చడం, రెండు చేతులతోనూ పాస్ ఇవ్వడం ముందు నేర్పమనండి.