రెండు ఆశ్చర్యార్థకాల వేగం

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. జావాస్క్రిప్ట్‌లో ఒక విలువను బూలియన్‌గా, అంటే ట్రూ లేదా ఫాల్స్‌గా, మార్చడానికి రెండు ఆశ్చర్యార్థకాల గుర్తు !! వేగమా, బూలియన్ ఫంక్షన్ వేగమా అని కోటిసార్లు లూప్ తిప్పి చూశావు. !! గెలిచిందని రాశావు. ఆ వాక్యం తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

మార్చిన విలువను నీ లూప్‌లో ఎక్కడా వాడలేదు. క్రోమ్ బ్రౌజర్‌లోనూ, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లోనూ ఉండే వీ8 ఇంజన్ ముందు కోడ్‌ను బైట్‌కోడ్ అనే మధ్య రూపంలో నడుపుతుంది. ఒకే చోట పదేపదే తిరుగుతోందని గమనించాక అందులోని టర్బోఫాన్ కంపైలర్ దాన్ని ప్రాసెసర్ నేరుగా నడిపే మెషిన్ కోడ్‌గా మారుస్తుంది. ఎవరికీ అక్కరలేని లెక్క కనిపిస్తే అప్పుడు దాన్ని పూర్తిగా తీసేయగలదు. నువ్వు కొలిచింది ఖాళీ లూప్‌నే కావచ్చు. పైగా 2018లో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు టైమర్ల కచ్చితత్వాన్ని కావాలనే తగ్గించాయి. రెండు మిల్లీసెకన్ల తేడా చూసి తీర్పు రాయకు. ఫలితాలను ఒక కౌంటర్‌లో కూడి చివర ప్రింట్ చెయ్యి. రెండో పరీక్షను మొదట, మొదటిదాన్ని తర్వాత నడుపు. నీ విజేత మారిపోతుందేమో చూడు.

అసలు బూలియన్‌గా మార్చడం ఎందుకంత చవక? ఇది రాస్తే పాఠకుడికి ఉపయోగం. ఫాల్స్, సున్నా, మైనస్ సున్నా, బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకాల రకం) సున్నా, నాన్ (నంబర్ కానిది), ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస), నల్ (ఖాళీ అని చెప్పే విలువ), అన్‌డిఫైన్డ్ (విలువే ఇవ్వనిది): ఇవి ఫాల్సీ, అంటే మారిస్తే ఫాల్స్ అయ్యేవి. పాత బ్రౌజర్ కోడ్ కోసం మిగిల్చిన డాక్యుమెంట్ డాట్ ఆల్ ఒక్కటి పక్కన పెడితే మిగతావన్నీ ట్రూతీ, అంటే ట్రూ అయ్యేవి. ఖాళీ అర్రే (విలువల జాబితా) కూడా, "0" అనే స్ట్రింగ్ కూడా. ఈ మార్పిడిలో మనం రాసిన ఏ ఫంక్షన్‌నూ ఇంజన్ పిలవదు. అదే == పెట్టి ట్రూతో పోల్చావనుకో, ఆబ్జెక్ట్‌ను ముందు మామూలు విలువగా మార్చాలి, అందుకు దాని వాల్యూఆఫ్, టుస్ట్రింగ్ పిలవాలి. అందుకే ఖాళీ అర్రే ఇఫ్‌లో నెగ్గుతుంది, == ట్రూ దగ్గర ఓడిపోతుంది. అక్కడ అది ఖాళీ స్ట్రింగై, ఆ తర్వాత సున్నా అవుతుంది, ట్రూ ఒకటి అవుతుంది మరి.

ఇఫ్ లోపల !! పెట్టడం దండగ, ఇంజన్ ఎలాగూ మారుస్తుంది. కచ్చితంగా ట్రూ గానీ ఫాల్స్ గానీ దాచుకోవాలన్నప్పుడే అది కావాలి. ఎందుకంటే && గానీ || గానీ ('మరియు', 'లేదా' అనే అర్థమిచ్చే గుర్తులు) బూలియన్ ఇవ్వవు, రెండు వైపుల విలువల్లో ఒకదాన్ని ఉన్నదున్నట్టు ఇస్తాయి. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో రాసేవాళ్ళకు స్క్రీన్ మీద ఉన్నట్టుండి 0 కనిపించేది ఇందువల్లే.

ఈ విషయం తెలియక నేను చాలా బాధపడ్డాను. చాలా ఏళ్ళ కిందట ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో డిస్కౌంట్ ఇవ్వకపోతే 5 శాతం తీసుకోమని || తో రాశాను. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు డిస్కౌంట్ వద్దని 0 కొడితే, సున్నా ఫాల్సీ కాబట్టి 5 శాతం తగ్గేది. రెండు రోజుల బిల్లులు తప్పుగా వెళ్ళాయి. ఆ షాపు ఓనర్ ముందు నిలబడ్డప్పుడు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. 2020 ప్రమాణంలో వచ్చిన ?? అప్పుడు లేదు. అది ఎడమవైపు నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ ఉంటేనే కుడివైపు చూస్తుంది, సున్నాను ముట్టుకోదు. నీ వ్యాసంలో ?? ఊసే లేదు. దానికి ఒక పేజీ ఇవ్వు.

వేగం గురించే రాయాలనుంటే షార్ట్ సర్క్యూట్ గురించి రాయి. && ఎడమవైపు ఫాల్సీ రాగానే ఆగిపోతుంది, కుడివైపు కోడ్ నడవనే నడవదు. పదివేల వస్తువుల జాబితాలో వెతుకుతున్నప్పుడు "స్టాక్ ఉందా" అన్న చిన్న తనిఖీ ముందు, పెద్ద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) దాని తర్వాత పెట్టు. స్టాక్ లేని ప్రతి వస్తువు దగ్గరా ఆ బరువైన పని తప్పుతుంది. ఈ తేడా నిజంగా కొలవచ్చు. && బదులు & రాస్తే మాత్రం రెండు వైపులా నడుస్తాయి, మామూలు నంబర్లయితే 32 బిట్ల పూర్ణాంకాలుగా కూడా మారతాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించు.

నీ వ్యాసంలోని వేగాల పట్టిక మొత్తం తీసేసి, ఈ జాబితా ఉదాహరణను నీ లాప్‌టాప్‌లో నువ్వే నడిపి, నోడ్ వెర్షన్‌తో సహా అంకెలు రాసి పంపు. ఆదివారం కూర్చుని చదువుతాను.

ప్రేమతో,
అన్నయ్య