మడత కుర్చీ మడవకపోతే, రెగ్జిన్ ముడతలు పడితే

తమ్ముడూ, శ్రీకాకుళంలో మీ ఇంటి ఇనుప మడత కుర్చీకి రెండంగుళాల ఫోమ్, కొత్త రెగ్జిన్ వేశాక మూలల్లో ముడతలు పడుతున్నాయని, కుర్చీ పూర్తిగా మడవడం లేదని అడిగావు. రెండోదే అసలు సమస్య. అంత మందం ఫోమ్ మడిచేటప్పుడు వీపు వైపు గొట్టానికి అడ్డం పడుతుంది. సీటు విప్పి, ఖాళీ చట్రాన్ని మడిచి సందు ఎంత ఉందో చూడు. మామూలుగా అంగుళం చాలు, కానీ గట్టిది కావాలి. డెన్సిటీ (ఫోమ్ ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె) 32 లేదా 40 అని అడుగు. మెత్తగా ఉందని మురిసిపోయి కొంటే పండగొచ్చేలోపే అప్పడమైపోతుంది.

ఇక ముడతలు. ఆటో సీట్లు కుట్టే కొట్టులో వెనక గుడ్డ అతికిన రెగ్జిన్ దొరుకుతుంది, అదే తీసుకో. గుడ్డ లేనిది స్టేప్లర్ గన్‌తో కొట్టే పిన్ను దగ్గరే చిరుగుతుంది. కాసేపు ఎండలో పెడితే మెత్తబడి మాట వింటుంది. మూలల నుంచి మాత్రం మొదలెట్టకు. ముందువైపు మధ్యలో ఒక పిన్ను, దానికి ఎదురుగా వెనక ఒకటి, తర్వాత పక్కలు. మూల దగ్గర కొసను ముందు లోపలికి లాగి కొట్టి, అటూ ఇటూ మిగిలినదాన్ని సన్నటి కుచ్చిళ్లుగా సర్దు. కుచ్చిళ్లు అడుగునే ఉండాలి, అంచు మీదికి రాకూడదు.

పిన్ను, సీటు అడుగున ఉండే చెక్క మందం కంటే పొట్టిగా ఉండాలి. 8 మి.మీ. ప్లైవుడ్‌కి 6 మి.మీ. పిన్ను సరిపోతుంది. బోల్టులూ అంతే, పొడవైతే కూర్చున్నవాళ్లకి గుచ్చుకుంటాయి! బిగించేముందు చట్రానికి ఎమరీ కాగితం రుద్ది రెడ్ ఆక్సైడ్ వేసెయ్, మన సముద్రపు గాలికి తుప్పు ఇట్టే పడుతుంది.