పాత స్విఫ్ట్ నుజ్జయింది, 95 వేలే ఇస్తామంటున్నారు: సమాధానం

ఘాట్‌లో నుజ్జయిన కారుకు బీమా కంపెనీ 95 వేలే ఇస్తానంటోంది, ఏం చేయాలని అడిగారు. మీ పర్లాకిమిడి బండి లెక్క ఇది: 2012 స్విఫ్ట్, ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) 1,80,000 రూపాయలు, రిపేరు అంచనా 1,60,000. కోత పడింది సాల్వేజ్ (నుజ్జయిన బండి తుక్కు విలువ) దగ్గరే అయ్యుంటుంది. తుక్కు మీకే వదిలేసి, దానికి ఎక్కువ ధర కట్టి ఐడీవీలోంచి తీసేస్తారు.

1. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే 1,35,000 దాటితే బీమా లెక్కలో పూర్తి నష్టమే (రిపేరుకు కాదు, ఐడీవీ లెక్కన కట్టాల్సిన కేసు). ఘాట్ నుంచి బరంపురం దాకా లాగించిన బిల్లు కూడా కలపండి.

2. పూర్తి నష్టంలో విడిభాగాల తరుగుదల (పాతబడినందుకు తగ్గించే విలువ) కోయకూడదు.

3. చాలామంది వదిలేసేది ఇదే. కంపెనీ ఇచ్చే వోచర్ (ఇంత మొత్తానికి ఒప్పుకున్నామనే కాగితం) మీద సంతకం పెట్టకండి. ముందు సర్వే రిపోర్టు కాపీ, సాల్వేజ్‌కి వచ్చిన కొటేషన్లు మెయిల్లో అడగండి. "బండి మీరే తీసుకోండి, తప్పనిసరి మినహాయింపు (క్లెయిములో నేను భరించే వాటా) 1,000 పోను 1,79,000 ఇవ్వండి" అని స్పష్టంగా రాయండి. వాళ్లు కట్టిన ధరకు కొనే తుక్కు వ్యాపారి మీ చేతిలో ఉంటేనే బండి ఉంచుకోండి. "ఫుల్ అండ్ ఫైనల్" అని సంతకం పడ్డాక పోరాటం చాలా కష్టం.

4. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసిన నెలలోపు తేలకపోతే భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.