కారో-కాన్‌లో నాలుగో ఎత్తు: నల్లపావులతో ఏది ఆడాలి?

కారో-కాన్ అంటే చదరంగంలో తెల్లపావుల ఈ4 ఎత్తుకు నల్లవైపు సీ6తో జవాబిచ్చే ఆరంభం. అది ఇలా సాగుతుంది (× అంటే పావును కొట్టడం, + అంటే చెక్): 1.ఈ4 సీ6 2.డీ4 డీ5 3.గుర్రం సీ3 డీ×ఈ4 4.గుర్రం×ఈ4. ఇక్కడ నల్లవైపు ఆడేవాళ్లకు మూడు దారులున్నాయి: బిషప్ ఎఫ్5, గుర్రం డీ7, గుర్రం ఎఫ్6.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు నేను బిషప్ ఎఫ్5 చెబుతాను. ఈ6 ఆడకముందే బిషప్ బయటికి వచ్చేస్తుంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (1.ఈ4 ఈ6 ఆరంభం) ఈ6 బంటు వెనక ఇరుక్కున్న ఆ బిషప్ ఎంత ఇబ్బంది పెడుతుందో ఆడినవాళ్లకు తెలుసు. ఒక్క జాగ్రత్త: 5.గుర్రం జీ3 బిషప్ జీ6 6.హెచ్4 రాగానే హెచ్6 ఆడి బిషప్‌కు దారి ఉంచండి. మరిచిపోతే హెచ్5తో అది చిక్కుకుపోతుంది.

గుర్రం డీ7 బలమైన పద్ధతే, కానీ లెక్క తప్పితే క్షమించదు. 5.క్వీన్ ఈ2కి అలవాటుగా జీ8 గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చారంటే, 6.గుర్రం డీ6 మేట్! ఈ7 బంటు కదిలితే ఈ2లోని క్వీన్ నుంచి రాజుకు చెక్ కాబట్టి ఆ గుర్రాన్ని కొట్టలేదు. క్వీన్‌కేమో సొంత గుర్రమే అడ్డం. 1997లో ఐబీఎం చదరంగం కంప్యూటర్ డీప్ బ్లూతో చివరి గేమ్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఓడింది కూడా ఈ గుర్రం డీ7 లైన్‌లోనే (ఎత్తుల వరుసలోనే). నల్లపావులతో కాస్పరోవ్ ఏడో ఎత్తుగా హెచ్6 ఆడగానే కంప్యూటర్ ఈ6లో గుర్రాన్ని బలిచ్చింది, 19 ఎత్తుల్లో గేమ్ ముగిసింది.

గుర్రం ఎఫ్6 ఆడితే 5.గుర్రం×ఎఫ్6+ ఈ×ఎఫ్6 తర్వాత పావులు చకచకా బయటికొస్తాయి, రాజు భద్రం. కాకపోతే ఎఫ్ వరుసలో జంట బంట్లు (ఒకదాని వెనక ఒకటి) మిగులుతాయి. పావులన్నీ మారిపోయి బంట్ల ఎండ్‌గేమ్ (రాజులు, బంట్లే మిగిలిన చివరి దశ) వస్తే తెల్లవైపుకే లాభం. అందుకే ఈ లైన్‌లో క్వీన్లు, ఏనుగులు మార్చుకోవడానికి తొందరపడకండి.